చుక్క నన్ను తన్నలేదు

2024 అక్టోబరు 22, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. అంత కచ్చితంగా ఎలా చెప్పగలనంటే, కొలతల పుస్తకంలో తేదీ, వేళ రాసుకోకుండా నేను టేపు పట్టను. నలభై ఒక్క ఏళ్లుగా వాకాడులో బట్టలు కుడుతున్నాను. అయితే ఆ రోజు కొలత మనిషిది కాదు, గుర్రానిది. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పే మస్తానయ్య, తన ఆడగుర్రం చుక్క వీపు మీద కప్పడానికి కొత్త జరీ గుడ్డ కుట్టమన్నాడు. నొసట తెల్లని మచ్చ ఉంది కాబట్టి దాని పేరు చుక్క.

మెడ ఇరవై తొమ్మిది అంగుళాలు. వీపు ముప్పై నాలుగు. మస్తానయ్య దానికి నీళ్లు తేవడానికి కుళాయి దగ్గరికి వెళ్లాడు. పొట్ట చుట్టూ టేపు తిప్పడానికి వంగాను. అరవై ఎనిమిది. నా పుస్తకంలో "68 అం" వరకు ఉంది. అక్కడి నుంచి పెన్సిలు గీత ఒకటి పేజీ అంచు దాటిపోయింది.

నేల లేచి నా ముఖానికి తగిలింది. గోడలు, చెట్టు, ఆకాశం అన్నీ ఎడమ నుంచి కుడికి పరిగెత్తుతున్నాయి. చుక్క కాళ్లు నాలుగు ఎనిమిదయ్యాయి. అది కదల్లేదు. మూతి దించి నా భుజం వాసన చూసింది. ఆ వెచ్చని ఊపిరి ఒక్కటే ఆ క్షణాన నాకు నిలకడగా తోచింది.

బకెట్టు పడేసి మస్తానయ్య పరిగెత్తుకొచ్చాడు. "అక్కా! ఖాదర్‌బీ అక్కా! ఏమైందక్కా?"

కడుపులోంచి వాంతి తన్నుకొస్తోందని చెప్పబోయాను. మా ఊరి మాటలో "తన్నుకొస్తాంది." అయిదు అక్షరాలు. "తన్ను" అని రెండు వచ్చాయి. మిగతా మూడింటి చోట వాంతి వచ్చింది.

కుళాయి దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు ఆ రెండు అక్షరాలూ విన్నారు. గుర్రం పొట్ట కింద పడి ఉన్న నన్ను చూశారు. "అయ్యో, తన్నిందంట! గుర్రం తన్నిందంట!" అంటూ మాట బజారు దాకా వెళ్లడానికి, నన్ను ఆటోలో ఎక్కించడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు.

అక్టోబరు 22 నుంచి 25 వరకు

మొదట తీసుకెళ్లిన ఆసుపత్రి పేరు రాయను. వాళ్ల తప్పు లేదు. చీటీ మీద "గుర్రం తన్నుట" అని రాయించింది మా వాళ్లే. అందుకని ప్రక్కటెముకలకు రెండుసార్లు ఎక్స్‌రే తీశారు. ఎముకలన్నీ బాగున్నాయి. నేను మాత్రం బాగాలేను. తల ఒక్క అంగుళం కదిపితే లోకమంతా గిరగిరా తిరిగేది. నోరు తెరిస్తే మాటకు ముందు వాంతి వచ్చేది. అందుకే మూడు రోజులు నోరు మూసుకుని ఉన్నాను. ఆ మూడు రోజుల మౌనం ఎవరి కొంప ముంచుతోందో నాకు తెలియదు.

రెండో ఎక్స్‌రే కోసం బెంచీ మీద రెండు గంటల పది నిమిషాలు ఉన్నాను. నా కూతురు నూర్జహాన్ తడ దగ్గర కంపెనీలో షిఫ్టు మానుకుని వచ్చి, ఒళ్లో నా తల పెట్టుకుని కూర్చుంది. పక్కన పట్టపుపాలెం నుంచి వచ్చిన ఒకామె, చేయి తెగిన భర్తతో కూర్చుని ఉంది. నన్ను కాసేపు చూసి అంది:

"అమ్మా, కండ్లు మూసుకోబాక. మూసుకుంటే ఇంకా తిరుగుతాది. కదలనిది యాదన్నా ఒకటి చూడు. మా వోళ్లు పడవ మీద కొత్తల్లో అట్టానే చేస్తారు. నీళ్లు చూడరు, గట్టు చూస్తారు."

ఎదురు గోడకు ఒక మేకు ఉంది. దాన్ని చూశాను. తిరుగుడు ఆగలేదు కానీ, తిరిగేది నేనా, లోకమా అన్నది తెలిసింది. ఆమె పేరు అడిగే స్థితిలో లేను. ఈ కథలో నాకు దొరికిన మొదటి గురువు ఆమె.

25న, శుక్రవారం, నెల్లూరులో చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాం. టోకెన్ నలభై ఒకటి. మూడున్నర గంటలు. కుర్ర డాక్టరు చీటీ చదివి, "ఎక్కడ తన్నింది?" అన్నాడు.

ఆ రోజుకు మాట కొంచెం నిలిచింది. "తన్నలేదు సార్," అన్నాను.

నూర్జహాన్ ఉలిక్కిపడి నా వైపు చూసింది. డాక్టరు నా కళ్లలోకి లైటు వేసి, తల అటూ ఇటూ తిప్పి, చెవులు పరీక్ష చేయించి చెప్పాడు. ఎడమ చెవి లోపల వాపు వచ్చింది. మనిషిని నిటారుగా నిలబెట్టే నరం అక్కడే ఉంటుంది. ఆ చెవిలో వినికిడి చాలావరకు పోయింది, తిరిగి రాకపోవచ్చు. నిలకడ మాత్రం రావచ్చు. "ఆ చెవి చేసే పనిని మీ కళ్లు, పాదాలు, రెండో చెవి కలిసి నేర్చుకోవాలమ్మా. పడుకుంటే నేర్చుకోవు. కదిలిస్తేనే నేర్చుకుంటాయి."

అరవై ఆరేళ్ల పాదాలను మళ్లీ బడిలో వేయాలన్నమాట.

నవంబరు

మంచం నుంచి తలుపు దాకా తొమ్మిది అడుగులు. నవంబరు 3న అవి నడవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. రెండు చేతులతో గోడ పట్టుకుని నడిచాను. సూదిలో దారం ఎక్కించబోతే సూదులు మూడు కనిపించేవి. కుట్టుమిషను మీద దుప్పటి కప్పించాను. దాన్ని చూస్తుంటే ఏడుపొచ్చేది.

నూర్జహాన్ చెయ్యాల్సినదంతా చేసింది. చేస్తూ అరిచేది కూడా. అల్లుడు లారీ మీద వెళ్తే పది రోజులకొకసారి వస్తాడు. ఇల్లు, షిఫ్టు, నేను, మూడూ దాని నెత్తి మీదే. "గోడ పట్టుకోమ్మా అంటే నీకు రోషం. పడితే మళ్లా నేనే గదా ఎత్తాల్సింది!" అనేది. నేనూ ఊరుకోలేదు. "నిన్ను ఎన్నిసార్లు ఎత్తినానో పుస్తకంలో రాసుకోలేదులే," అన్నాను. రెండు పూటలు మాట్లాడుకోలేదు. మూడో పూట అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టింది. తిన్నాను.

నవంబరు 17, ఆదివారం మస్తానయ్య వచ్చాడు. గుమ్మం దాటకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతనికి యాభై ఎనిమిదేళ్లు, ఎప్పుడూ నవ్వించే మనిషి. ఆ రోజు తల ఎత్తలేదు.

"అక్కా, క్షమించక్కా. నా చుక్క నిన్నట్టా తన్నుద్దనుకోలేదు."

"ఎవరు తన్నినారు?"

"నువ్వే గదక్కా చెప్పినావు, తన్నిందని."

చీటీ మీది తప్పు డాక్టరు గదిలోనే పోయిందనుకున్నాను, అప్పుడు గానీ నాకు అంతా తెలియలేదు. తన్నే గుర్రం మీద పెళ్లికొడుకును ఎలా ఎక్కిస్తామని ఏడు పెళ్లిళ్ల వాళ్లు వద్దనేశారు. చెన్నై బీచిలో పిల్లల్ని తిప్పే మనిషి ఒకడు వచ్చి చుక్కను చూసి పోయాడు. ఫిబ్రవరి పదో తేదీన తోలుకుపోతాడట. అంతా చెప్పి మస్తానయ్య గొంతు తగ్గించాడు. "ఆ పొద్దు దాన్ని కొట్టినానక్కా. తొమ్మిదేండ్లలో ఎప్పుడూ చెయ్యెత్తలా. తాడుతో కొట్టినా. అది అట్టనే నిలబడి నన్ను చూసింది."

గోడ వదిలేసి నిలబడ్డాను. "ఒరే మస్తానయ్యా, నాకు వాంతి తన్నుకొస్తాంది అనబోయినానురా! సగంలో నోరు నిండిపోయింది!"

అతను నన్ను చూశాడు, నా నోటిని చూశాడు. గుమ్మంలోనే కూలబడి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఆ వారమంతా వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. పాలామెకు, చీరలకు ఫాల్ కుట్టించుకునే వాళ్లకు, ఆటో అతనికి. అందరూ తలూపారు. బయటికి పోయి, "పాపం ఎంత మంచిదో చూడు, మస్తానయ్య పొట్టగొట్టకూడదని అట్టా చెప్తా ఉంది," అనుకున్నారు. ఒక్క కుట్టు కూడా సగంలో వదలని దాన్ని, ఒక మాటను సగంలో వదిలాను. ఇక మాటతో దాన్ని సరిచెయ్యలేను.

నాలుగు రోజులు ఆలోచించి మస్తానయ్యకు కబురు పెట్టాను. "నన్ను దాని మీద ఎక్కించు. ఊరంతా చూసేట్టు ఎక్కుతా."

"అక్కా, నీకు నేల మీదే నిలకడ లేదు!"

"అందుకే నేర్పించు. డెబ్బై రోజులకు పైనే ఉండాది."

డిసెంబరు 2 నుంచి

నాయుడుపేటలో నిలకడ వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి పేరు సుజన. గుర్రం ఎక్కవచ్చా అని భయపడుతూ అడిగాను. ఆ పిల్ల నవ్వింది, తర్వాత ఆలోచించింది, డాక్టరుకు ఫోన్ చేసింది. ఆరు వారాలు కావొస్తున్నాయి కాబట్టి సరేనన్నారు. మొదట నడక మాత్రమే, పక్కన ఇద్దరు ఉండాలి, తలకు హెల్మెట్ పెట్టుకోవాలి. ఇది చదివి నా లాంటి జబ్బు ఉన్నవాళ్లెవరైనా గుర్రం కోసం వెతికేట్టయితే, ముందు డాక్టరును అడగండి. నేను అడిగాను.

తూపిలిపాలెం దగ్గర సరుగుడు తోపు దాటితే గట్టి ఇసుక నేల. పడ్డా ఎముకలు విరగవు. 2వ తేదీ ఉదయం ఆరుంబావుకు స్టూలు మీదికి, స్టూలు మీద నుంచి చుక్క మీదికి ఎక్కాను. మస్తానయ్య కళ్లెం పట్టుకున్నాడు, సెలవు పెట్టి వచ్చిన నూర్జహాన్ నా కాలు పట్టుకుంది. తన స్కూటరు హెల్మెట్ నా తలకు బిగిస్తూ, "పడితే తలకాయన్నా మిగలాల," అంది. వద్దని మాత్రం అనలేదు.

చుక్క ఒక్క అడుగు వేసింది. నా నడుము ఎడమకు పోయింది, కుడికి వచ్చింది. లోకం తిరిగింది. భయంతో దాని జూలు చూస్తూ తొడలు బిగించాను. బిగించేసరికి అది వేగం పెంచింది.

"అక్కా, బిగించబాక! నువ్వు బిగిస్తే, పో అన్నావనుకుంటాది. కిందికి చూడబాక. దాని చెవుల మధ్యలోంచి దూరంగా చూడు!"

దూరంగా సముద్రం, ఆకాశం కలిసే గీత ఉంది. గట్టు చూడమన్న పట్టపుపాలెం ఆమె గుర్తొచ్చింది. ఆ గీతను పట్టుకున్నాను. తిరుగుడు ఆగింది! నలభై ఒక్క రోజుల తర్వాత మొదటిసారి, ఊగే వస్తువు మీద కూర్చుని, లోకం కదలకుండా నిలబడడం చూశాను. గట్టిగా నవ్వాను. నవ్వితే చుక్క చెవులు వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు వచ్చాయి.

గుర్రమెక్కడమంటే ఎక్కి కూర్చోవడమే అనుకునేదాన్ని. కూర్చోవడంలో ఎన్ని పనులున్నాయో అప్పుడు తెలిసింది. మడమలు కిందికి దిగాలి, భుజాలు వదులుగా ఉండాలి, నడుము గుర్రం అడుగుతో కదలాలి, తల మాత్రం కదలకూడదు. ఒకటి గుర్తుపెట్టుకుంటే రెండోది జారిపోయేది. మస్తానయ్య వాళ్ల నాయన జట్కా తోలేవాడు, అతని దగ్గర నేర్చుకున్నాడు. "మంచి రౌతుకు బలం అక్కర్లేదక్కా. ఎప్పుడు ఊరకుండాలో తెలియాల," అనేవాడు.

చేతుల పని మాత్రం నాకు వెంటనే వచ్చింది. పగ్గాలు మరీ లాగితే గుర్రం నోరు నొచ్చి తల ఎగరేస్తుంది. వదిలేస్తే దారి మరుస్తుంది. మిషనులో పైదారం బిగువు కూడా అంతే. ఎక్కువైతే తెగుతుంది, తక్కువైతే అడుగున ఉండలు కడుతుంది. నలభై ఒక్క ఏళ్లుగా వేళ్లకు తెలిసిన బిగువు అది. మూడో రోజే మస్తానయ్య నా చేతులు చూసి, "ఇది నేను రెండేండ్లు నేర్చుకున్నాను," అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట తేదీతో సహా రాసుకున్నాను.

మొదటి వారం తొడల లోపలి వైపు చర్మం లేచిపోయింది. సల్వారు లోపలి కుట్టు రాసుకోవడమే కారణం. గుర్రం ఎక్కేవాళ్లకు లోపలి వైపు కుట్టు ఉండకూడదు! చేతి సూదితో, రోజుకు పావుగంట చొప్పున, కుట్టు బయటి వైపుకు వచ్చేట్టు సల్వారు తిరగకుట్టాను. సూది ఒకటే కనిపించడం మొదలైంది అప్పుడే.

డిసెంబరు 11న పడ్డాను. 29న పడ్డాను. పడేటప్పుడు చేయి అడ్డం పెట్టకుండా దొర్లడం కూడా నేర్చుకోవాలి. జనవరి 6న మిషను మీది దుప్పటి తీశాను. 12న మస్తానయ్య కళ్లెం వదిలి, చుక్కను చిన్న పరుగు పెట్టించమన్నాడు. ఆ పరుగులో రెండు దెబ్బలే, టక్ టక్, టక్ టక్. కూర్చునే ఉంటే వెన్ను విరిగేట్టు ఎగరేస్తుంది. ఒక దెబ్బకు లేవాలి, ఒక దెబ్బకు కూర్చోవాలి. నాలుగుసార్లు తప్పాను. అయిదోసారి నా పాదాలకు ఏదో గుర్తొచ్చింది. మడమ, వేళ్లు, మడమ, వేళ్లు! ఇది తొక్కుడు మిషను! పాతికేళ్ల వయసులో పొద్దస్తమానం తొక్కిన లెక్క!

"వొచ్చేసింది! వొచ్చేసింది అక్కా!" అని మస్తానయ్య ఇసుకలో చెప్పులు వదిలేసి మా వెంట పరిగెత్తాడు. గాలి ముఖానికి కొట్టింది. ఆ పూట నేను రోగిని కాను. ఎవరి చేతుల్లోనూ లేను.

ఒక్క భయం మిగిలింది. ఎడమ వైపు నాకు ఏమీ వినిపించదు. జనవరి 19న ఎడమ నుంచి కుక్క వచ్చింది. నాకు తెలియలేదు. చుక్క పక్కకు గెంతింది, మూడోసారి పడ్డాను. లేచి ఇసుక దులుపుకుంటుంటే మస్తానయ్య మెల్లగా అన్నాడు.

"కుక్క రాకముందే అది నీకు చెప్పిందక్కా. నువ్వే చూళ్లా. దాని ఎడం చెవి తిరిగింది."

ఆ రోజు నుంచి సముద్రపు గీతతో పాటు ఆ రెండు చెవులనూ చూడడం నేర్చుకున్నాను. ఆటో వస్తే చెవి ఎంత తిరుగుతుందో, మనిషి వస్తే ఎంతో, గాలికి ఎంతో. వారం తిరిగేసరికి ఎడమ వైపు ఏం వస్తోందో చుక్క చెవిని చూసి చెప్పగలిగాను.

డిసెంబరు 2 నుంచి ఫిబ్రవరి 8 వరకు అరవై తొమ్మిది రోజులు. వానకు తొమ్మిది, జ్వరానికి రెండు పోగా యాభై ఎనిమిది పాఠాలు. పాఠానికి నలభై నిమిషాలు. మొత్తం ముప్పై ఎనిమిది గంటల నలభై నిమిషాలు. మంచి రౌతు కావడానికి అది చాలదు. ఒక్క బజారు దాటడానికి చాలాలి.

2025 ఫిబ్రవరి 9, ఆదివారం

ఉదయం ఎనిమిదిన్నర. ఆదివారం ఆ వేళకు మాంసం కొట్ల దగ్గర ఊరంతా ఉంటుంది. బస్టాండు నుంచి నా కొట్టు దాకా నా అడుగులు ఆరు వందల పన్నెండు. డిసెంబరు ఒకటిన అవి నడవడానికి పదకొండుసార్లు ఆగాను.

చుక్క వీపు మీద కొత్త జరీ గుడ్డ. కొలత అరవై ఎనిమిది అంగుళాలు, సరిగ్గా సరిపోయింది. కళ్లెం ఎవరూ పట్టుకోలేదు. మస్తానయ్య పది అడుగుల వెనక, నూర్జహాన్ రోడ్డు పక్కన.

"రేయ్, గుర్రం మీద ఖాదర్‌బీ అక్క రా!"

"తన్నినదాని మీదేనా? పిచ్చి పట్టిందా ఏంది ఆమెకు?"

"జరగండ్రా, జరగండి, మళ్లా తన్నుద్ది!"

కత్తులు ఆగాయి, సంచులు ఆగాయి. నేను దూరంగా ఉన్న సెల్ టవర్ కొన మీద చూపు నిలిపాను. సగం దారిలో చుక్క ఎడమ చెవి ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. కుక్కకు తిరిగినట్టు కాదు, అంతకు రెండింతలు. ఏదో పెద్దది వస్తోంది. పగ్గం లాగలేదు. ఊపిరి వదిలి, జీనులోకి బరువు దించి, తొడలు వదులు చేశాను. అప్పుడు వచ్చింది, సైలెన్సర్ పీకేసిన బైకు, ఎడమ మోకాలికి జానెడు దూరంలో. చుక్క ఒళ్లంతా ఒక్కసారి జలదరించింది. నాలుగు కాళ్లూ నేల మీదే ఉన్నాయి. మెడ నిమిరాను. మళ్లీ నడిచింది.

వెనక నుంచి మస్తానయ్య అరుపు వినపడింది. "కొట్టండ్రా!"

ఇద్దరు డప్పుల వాళ్లను అతను దాచిపెట్టిన సంగతి నాకు చెప్పలేదు. డప్పు మోగితే పెళ్లి గుర్రం ఊరుకోదు. చుక్క మెడ వంచి, ముందుకాళ్లు ఒక్కొక్కటే ఎత్తి ఆడడం మొదలుపెట్టింది. నా కుడి చెవిలో మాత్రమే మోగే ఆ డప్పుకు, నా కింద దాని వీపు నుంచి రెండో సగం అందింది. నడుము దానితో కదిలింది, తల కదల్లేదు. నూర్జహాన్ రెండు చేతులతో నోరు మూసుకుని, ఏడుస్తుందో నవ్వుతుందో తెలియకుండా నిలబడింది. నేను పళ్లన్నీ కనపడేట్టు నవ్వాను.

కొట్టు ముందు ఎవరి సాయమూ లేకుండా దిగాను.

ఆ మధ్యాహ్నమే దొరవారిసత్రం నుంచి మాంసం కొనడానికి వచ్చిన రైతు ఒకాయన మస్తానయ్యను వెతుక్కుంటూ వచ్చాడు. "మా వాడి పెండ్లికి ఆ గుర్రమే గావాల. ఒకసారి తన్నినా, మళ్లా ఆ పెద్దామెకే లొంగిపోయింది చూడు! అట్టాంటి గుర్రం యాడ దొరుకుతాది?"

"తన్నలేదయ్యా!" అన్నాను.

"మీరు శానా మంచోళ్లమ్మా," అన్నాడాయన.

మస్తానయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. సాయంత్రం చెన్నై మనిషికి ఫోన్ చేసి, రావద్దని చెప్పాడు. ఆ నెలలోనే ఇంకో నాలుగు పెళ్లిళ్లు కుదిరాయి. ఇప్పటికీ ఆదివారాలు ఇసుక మీద చుక్కను నేనే తిప్పుతున్నాను. దౌడు ఇంకా రాలేదు. వస్తుంది.

పోయినవి రాసి ముగిస్తాను.

ఎడమ చెవి వినికిడి, దాదాపు మొత్తం.

బరువు ఆరు కిలోలు. నాలుగు తిరిగి వచ్చాయి, రెండు రాలేదు.

మిషను ఎక్కని రోజులు డెబ్బై ఆరు.

నూర్జహాన్ షిఫ్టులు ఇరవై మూడు.

మస్తానయ్యకు పెళ్లిళ్లు ఏడు.

చుక్కకు తాడు దెబ్బలు. ఎన్నో అతను చెప్పలేదు, నేను అడగలేదు.

మాటలో మూడు అక్షరాలు: కొ, స్తాం, ది.